గోడ మీద స్పాంజి అద్దకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి గోడలకు స్పాంజితో రంగు అద్దుకోవడం గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగినచోట వాటిని కలిపి ఒకటే జవాబు ఇచ్చాం.

ప్రశ్న: హాల్లో టీవీ వెనక గోడకు మాత్రం స్పాంజి డిజైన్ వేసుకుందామనుకుంటున్నాం. వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు. పెయింటర్ లేకుండా మేమే చేసుకోగలమా? ఏమేం కొనాలి, ఎంతెంత కొనాలి?
(రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నిశ్చింతగా చేసుకోవచ్చు. ఇంటి పెయింటు పనుల్లో కొత్తవాళ్ల చేతికి తొందరగా లొంగేది ఇదే. కాకపోతే అద్దకం ఒక్కపూటలో అయిపోతుంది, దానికి ముందు గోడను సిద్ధం చేయడానికే రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజులు మిగుల్చుకుందామని చూస్తే పని మొత్తం చెడుతుంది.

మీ గోడ 120 చదరపు అడుగులు. లప్పం పెట్టి ప్రైమర్ కొట్టిన గోడ మీద మంచి ఎమల్షన్ (నీళ్లలో కలిసే గోడ పెయింటు) లీటరుకు రెండు కోట్లు కలిపి సుమారు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. కాబట్టి ముందు గోడంతా పూసే కింది రంగుకు లీటరు డబ్బా చాలు. దాని మీద స్పాంజితో పై రంగు అద్దడానికి అరలీటరు మిశ్రమం సరిపోతుంది. గ్లేజ్ 4 పాళ్లు, రంగు 1 పాలు లెక్కన 400 మిల్లీలీటర్ల గ్లేజులో 100 మిల్లీలీటర్ల ఎమల్షన్ కలపాలి. గ్లేజ్ అంటే డబ్బాలో పాలలా కనిపించి ఆరాక పారదర్శకంగా మారే ద్రవం. అది రంగును పలచన చేస్తూనే ఆరడాన్ని ఆలస్యం చేస్తుంది, మీకు సవరించుకునే వ్యవధి ఇస్తుంది. పెద్ద కంపెనీలు స్పెషల్ ఎఫెక్ట్స్ పేరుతో అమ్మే డబ్బాల్లో గ్లేజ్ కలిసే ఉంటుంది, షాపులోనే మిషన్ మీద షేడ్ కలిపి ఇస్తారు. అవి తీసుకుంటే డబ్బా మీద రాసిన కొలతే పాటించండి, మళ్లీ గ్లేజ్ కలపొద్దు. గ్లేజ్ దొరకని ఊళ్లో ఎమల్షన్ 3 పాళ్లకు నీళ్లు 1 పాలు కలిపి అద్దవచ్చు. అంతకు మించి నీళ్లు పోస్తే చుక్కలు కారతాయి.

కింది రంగు మెరుపు లేని మ్యాట్ ఫినిష్‌లో తీసుకోవద్దు. మ్యాట్ గోడ పై రంగును పడీ పడగానే పీల్చేసుకుంటుంది, తడిగుడ్డతో తుడిచినా పోదు. కొద్దిపాటి మెరుపుండే సాఫ్ట్ షీన్ గానీ శాటిన్ గానీ అడగండి. వాటి మీద తప్పు పడితే రెండు మూడు నిమిషాల్లోపు తుడిచేసుకోవచ్చు.

ఇక పని వరస. మేకుల బొక్కలు, పగుళ్లు లప్పంతో పూడ్చి, ఆరాక 180 నంబరు ఎమెరీ పేపరుతో, తర్వాత 220తో రుద్దండి. పొడి గుడ్డతో దుమ్ము దులిపి ప్రైమర్ ఒక కోటు కొట్టండి. అది పూర్తిగా ఆరాక కింది రంగు రెండు కోట్లు, మధ్యలో కనీసం నాలుగు గంటల వ్యవధి ఇచ్చి రోలర్‌తో వేయండి. ఆ తర్వాత ఒక రోజంతా గోడను ముట్టుకోవద్దు. పచ్చి రంగు మీద మాస్కింగ్ టేపు అంటిస్తే తీసేటప్పుడు పొరతో సహా ఊడొస్తుంది.

మర్నాడు సీలింగ్ అంచు, పక్క గోడల మూలలు, స్కర్టింగ్, స్విచ్ బోర్డుల చుట్టూ టేపు వేయండి. టేపు అంచును వేలిగోటితో ఒత్తితేనే రంగు కిందికి పాకదు. పాత స్టీలు పళ్లెంలో మిశ్రమం పలచగా పోసుకోండి. స్పాంజిని మంచినీళ్లలో ముంచి, ఇక చుక్క రాలదు అనేదాకా పిండండి. పొడి స్పాంజి రంగును లోపలికి లాక్కుని గోడ మీద ఒక్కసారిగా ముద్దగా కక్కుతుంది. చెమ్మ ఉన్న స్పాంజిలో రంగు పైపైనే నిలుస్తుంది. స్పాంజి ముఖాన్ని పళ్లెంలో తేలిగ్గా ఆనించి, అట్టముక్క మీద రెండు మూడుసార్లు అద్ది, అప్పుడు గోడకు తాకించండి. అట్ట బదులు న్యూస్‌పేపర్ వాడితే అక్షరాల సిరా స్పాంజికి అంటుకుని లేత రంగుల్లో నల్లగా తేలుతుంది.

సోఫా వెనకో, కర్టెన్ పక్కనో, కంటికి తక్కువ ఆనేచోట మొదలుపెట్టండి. ఒక్కోసారి మూడడుగుల చదరం పట్టుకుని ముందు జానెడు ఎడంగా అద్దుకుంటూ పోయి, వెనక్కి వచ్చి ఖాళీలు నింపండి. ప్రతి చదరం అయ్యాక ఏడెనిమిది అడుగులు వెనక్కి నడిచి చూడాలి. ఎక్కడ చిక్కగా పడిందో, ఎక్కడ బోసిగా ఉందో దగ్గర్నుంచి తెలియదు. పావుగంటకోసారి స్పాంజిని కడిగి పిండుకోండి. రంధ్రాలు రంగుతో పూడుకుపోతే గుర్తులు చదునుగా పడతాయి.

టేపును రంగు ఇంకా కొంచెం పచ్చిగా ఉండగానే, గోడకు వాలుగా మెల్లగా లాగండి.

ప్రశ్న: స్పాంజితో వేశాం గానీ గోడంతా ఒకే ముద్ర వరసగా కొట్టినట్టు వచ్చింది. కొన్నిచోట్ల చతురస్రాల అంచులు కూడా కనిపిస్తున్నాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?
(ఖమ్మం, తెనాలి నుంచి ఇద్దరు పాఠకులు)

జవాబు: ఇందులో మూడు తప్పులు కలిసి ఉంటాయి. కొన్న స్పాంజిని కొన్నట్టే వాడటం, చేతిని తిప్పకపోవడం, రంగు ఎక్కువ తీసుకోవడం.

ఫ్యాక్టరీ స్పాంజికి కత్తితో కోసిన అంచులుంటాయి. ఆ అంచు గోడకు తగిలిన ప్రతిచోటా గీత పడుతుంది. కత్తెర పెట్టకుండా, నాలుగు అంచుల నుంచీ వేళ్లతో చిన్నచిన్న తుంపులుగా గిల్లేయండి. రొట్టెముక్క తుంచినట్టు ఎగుడుదిగుడుగా రావాలి. అద్దే ముఖం మీద కూడా అక్కడక్కడ గోళీకాయంత గుంటలు గిల్లండి. చివరికి అరచేతిలో ఇమిడే గుండ్రటి ముద్ద మిగలాలి. ఇలాంటివి రెండు చేసుకుని మార్చి మార్చి వాడితే ముద్రలు కలిసిపోతాయి. మూలల కోసం బొటనవేలంత ముక్క ఒకటి విడిగా ఉంచుకోండి.

రెండోది మణికట్టు. ఒకసారి అద్ది, స్పాంజిని గోడ నుంచి పూర్తిగా ఎత్తి, గాల్లోనే కొంత తిప్పి మళ్లీ అద్దాలి. గోడకు ఆనించి ఉండగా తిప్పితే గుర్తు పులుముకుపోయి తోకలు వస్తాయి. వరస కట్టి వెళ్లొద్దు. కుడికి ఒకటి, కాస్త పైకి ఒకటి, కిందికి ఒకటి, ఇలా చెదురుగా వెళ్లండి.

మూడోది రంగు తీసుకోవడం. పెడనలో బట్టల మీద చేసే కలంకారీ అద్దకం పనిలో చెక్క అచ్చును నేరుగా రంగు గిన్నెలో ముంచరు. రంగు పీల్చిన మెత్త మీద ఆనించి తీస్తారు. అచ్చు ముఖానికి పలచని పొర అంటుతుంది, బట్ట మీద గీత చెరిగిపోదు. ఇక్కడ మీ అట్టముక్క చేసే పని అదే. సరిగా పడిన గుర్తును దగ్గరగా చూస్తే రవ్వదోసెలా ఉంటుంది: సన్నని అంచుల మధ్య చిన్నా పెద్దా చిల్లులు, చిల్లుల్లోంచి కింది రంగు. చిల్లులు మూసుకుపోయి బిళ్లలా పడితే రంగు ఎక్కువైనట్టు. దుమ్ము చల్లినట్టు చుక్కలే పడితే స్పాంజి ఎండిపోయినట్టు.

ఇప్పటికే వేసిన గోడను పాడుచేసుకోవక్కర్లేదు. కింది రంగునే కొద్దిగా గ్లేజులో కలిపి, గిల్లిన స్పాంజితో ఆ చతురస్రాల అంచుల మీద అక్కడక్కడా అద్దండి. అంచు విరిగితే కన్ను దాన్ని పట్టుకోదు. సగానికి సగం గోడలు ఈ ఒక్క సవరణతో బాగుపడతాయి.

ప్రశ్న: నిజమైన సముద్రపు స్పాంజి కొనాలా? మా ఊళ్లో దొరకదు. బీరపీచు పనికొస్తుందా?
(నరసాపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: సముద్రపు స్పాంజి ఒక జలచరం తాలూకు మెత్తని ఎముకల గూడు లాంటిది. దాని రంధ్రాలు ఏ రెండూ ఒకేలా ఉండవు, అందుకే ముద్ర సహజంగా పడుతుంది. ఖరీదు ఎక్కువ. ఒక్క గోడ కోసం కొనడం అనవసరమని మా అభిప్రాయం. పైన చెప్పినట్టు గిల్లిన మామూలు స్పాంజి చాలు. కార్లు కడిగే పెద్ద రంధ్రాల స్పాంజి దొరికితే ఇంకా మంచిది.

బీరపీచు వాడొచ్చు గానీ ఫలితం వేరుగా ఉంటుంది. చిల్లులకు బదులు నూలు పోగుల్లా అల్లిబిల్లి గీతలు పడతాయి. గింజలు దులిపి, అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక వాడండి. గట్టిగా ఉండగా అద్దితే కింది రంగు గీసుకుపోతుంది. ఒక చిన్న గోడకు, పలచటి రంగులో, చాలా అందంగా ఉంటుంది.

ప్రశ్న: పాత ఇంట్లో డిస్టెంపర్ మీదే ఎమల్షన్ కొట్టి స్పాంజి వేయించాం. మూడు నెలలకే పొరలు పొరలుగా లేస్తోంది. కింద రెండడుగుల మేర తెల్లటి పొడి కూడా వస్తోంది.
(మచిలీపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇవి రెండు వేర్వేరు రోగాలు. పొరలు లేవడానికి కారణం డిస్టెంపర్. అది కాలం గడిచేకొద్దీ పొడిబారుతుంది. పొడి మీద వేసిన రంగు పొడినే పట్టుకుంటుంది, గోడను పట్టుకోదు. ఇలాంటి గోడకు పని మొదలుపెట్టే ముందు అరచేతితో గట్టిగా రుద్ది చూడాలి. చేతికి సున్నంలా అంటితే ఆ పొరను గీకి తీసేయాల్సిందే. ఇంకో పరీక్ష: జానెడు టేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి. టేపుకు రంగు అంటుకొచ్చిందంటే దాని మీద ఏ డిజైనూ నిలవదు. మొత్తం గీకి, నీళ్లతో తుడిచి ఆరబెట్టి, ప్రైమర్, లప్పం, మళ్లీ ప్రైమర్, ఆ తర్వాతే రంగు.

కింద వచ్చే తెల్లటి పొడి ఉప్పు. గోడలోని చెమ్మ బయటికి వస్తూ సిమెంటులో, ఇటుకలో ఉన్న లవణాలను మోసుకొస్తుంది. నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. దాన్ని కడగొద్దు, కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులపండి. చెమ్మ ఎక్కడిదో తేల్చుకోవడానికి రెండడుగుల పాలిథిన్ షీటును నాలుగు పక్కలా టేపుతో మూసి ఒక రోజు ఉంచండి. గోడ వైపు ముఖం మీద నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు ముఖం తడిగా ఉంటే అది గాలిలోని తేమ. గోడలోంచే వస్తుంటే అవతల బాత్‌రూమ్ ఉందా, పైపు కారుతోందా, పునాది నుంచి ఎక్కుతోందా చూసి ముందు దాన్ని ఆపించండి. చెమ్మ ఆగకుండా రంగుకు పెట్టే ప్రతి రూపాయీ వృథాయే. స్పాంజి డిజైన్ చెమ్మ మరకను నాలుగు వారాలు దాచిపెడుతుందేమో గానీ నయం చేయదు.

కొత్త ఇళ్లవాళ్లు కూడా ఒక మాట గుర్తుంచుకోండి. ప్లాస్టరింగ్ చేసిన గోడను క్యూరింగ్‌తో (నీళ్లు పట్టే రోజులతో) కలిపి కనీసం 28 రోజులు వదిలి, పూర్తిగా ఆరాకే రంగు పనికి దిగాలి.

ప్రశ్న: స్పాంజితో అద్దడం, స్పాంజితో తీయడం రెండూ ఉన్నాయంటున్నారు. తేడా ఏమిటి? మే నెలలో చేయొచ్చా?
(హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అద్దడంలో రంగును స్పాంజితో పెడతాం. తీయడంలో గ్లేజ్ కలిపిన రంగును రోలర్‌తో గోడకు పూసి, అది పచ్చిగా ఉండగానే చెమ్మ స్పాంజితో అద్ది అక్కడక్కడా పైకి లేపుతాం. అద్దితే చుక్కలు స్పష్టంగా ఉంటాయి. తీస్తే మబ్బు పట్టినట్టు మెత్తగా వస్తుంది, మా కంటికి పడకగదికి అదే బాగుంటుంది. అయితే ఇది ఇద్దరు చేయాల్సిన పని. ఒకరు పై నుంచి కిందికి రెండడుగుల పట్టీ పూస్తుంటే రెండోవారు వెనకే తీసుకుంటూ రావాలి. గ్లేజ్ లేకుండా ఈ పద్ధతి జోలికి పోవద్దు.

ఇందులో అందరూ దెబ్బతినేది పట్టీకి పట్టీకి మధ్య నల్లగా నిలబడే గీత దగ్గర. మొదటి పట్టీ అంచు ఆరిపోయాక దాని మీదికి రెండో పట్టీ వస్తే అక్కడ రెండు పొరలవుతాయి. దీనికి విరుగుడు: పట్టీ అంచును తిన్నగా పూయకుండా వంకరటింకరగా వదలండి, చివరి నాలుగంగుళాలు స్పాంజితో ముట్టుకోకుండా పచ్చిగా ఉంచి, తర్వాతి పట్టీతో కలిపి తీయండి. మధ్యలో ఫోన్ వచ్చినా, కాలింగ్ బెల్ మోగినా గోడ మధ్యలో ఆపొద్దు. ఆపితే మూల దగ్గరే ఆపాలి.

మే ఎండల్లో గ్లేజ్ కూడా చూస్తుండగానే ఆరిపోతుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించండి. ఫ్యాను వేయొద్దు, ఎండ పడే కిటికీకి దుప్పటి కట్టండి. పడమటి గోడ అయితే ముందురోజు సాయంత్రం నుంచే గది చల్లబడేలా చూసుకోండి. వానాకాలంలో దీనికి రివర్స్: పని తీరుబడిగా సాగుతుంది గానీ కోటుకు కోటుకు మధ్య వ్యవధి రెట్టింపు ఇవ్వాలి.

ప్రశ్న: రంగులు ఎలా ఎంచుకోవాలి? గది చిన్నది, వెలుతురు తక్కువ.
(వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: షేడ్ కార్డులో ఒకే పట్టీ మీద ఉన్న రంగుల్లో ఒకటి వదిలి ఒకటి తీసుకోండి. లేతది కిందికి, కాస్త ముదురుది పైకి. పక్కపక్కవి తీసుకుంటే దూరం నుంచి డిజైన్ కనపడదు. నాలుగైదు మెట్ల తేడా తీసుకుంటే గోడ చుక్కల జబ్బు వచ్చినట్టుంటుంది. మూడు రంగులు వేస్తే ముందు ముదురుది, చివర లేతది అద్దండి. చివరి రంగే పైకి తేలుతుంది కాబట్టి గది వెలుగ్గా ఉంటుంది. వెలుతురు తక్కువ గదిలో ముత్యపు మెరుపు ఉన్న పై రంగు బాగా పనిచేస్తుంది. కాకపోతే గోడ సమంగా లేకపోతే ఆ మెరుపే ప్రతి గుంటనూ ఎత్తిచూపుతుంది.

గోడ మీదికి వెళ్లే ముందు రెండడుగుల ప్లైవుడ్ ముక్క మీద ప్రైమర్, కింది రంగు, అద్దకం అన్నీ వేసి ఆరనివ్వండి. ఎమల్షన్ పచ్చిగా ఉన్నప్పటి కంటే ఆరాక ముదురుతుంది. ఆ ముక్కను పగలు కిటికీ పక్కన, రాత్రి మీ గది లైటు కింద పెట్టి చూడండి. పసుపు వెలుగునిచ్చే 3000 కెల్విన్ బల్బు కింద బాగున్న నీలిబూడిద రంగు, 6500 కెల్విన్ తెల్ల లైటు కింద చలిపుట్టించేలా ఉంటుంది.

ప్రశ్న: వంటింట్లో వేయొచ్చా?
(అనంతపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పొయ్యికి నాలుగడుగుల లోపు వద్దు, తాలింపు జిడ్డు తుడిచి తుడిచి డిజైన్ పోతుంది. భోజనాల బల్ల పక్క గోడకు వేసుకోవచ్చు. రంగు గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా తడిగుడ్డ తగలనివ్వొద్దు.

ప్రశ్న: అమ్మమ్మ కట్టించిన ఇల్లు. గోడలకు పాత ఆయిల్ పెయింట్ ఉంది. రుద్ది దాని మీద స్పాంజి వేయొచ్చా? మా అక్క న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నది, తనకూ ఇదే సందేహం.
(గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వేయొచ్చు, కానీ పొడిగా రుద్దొద్దు. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికాలో ఇళ్లకు సీసం పెయింట్లను 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇల్లయితే మీ అక్కను ముందు పరీక్ష చేయించమనండి. సీసం దుమ్ము చిన్నపిల్లలకు, గర్భిణులకు చాలా ప్రమాదం. పెచ్చులు లేస్తున్న గోడ అయితే సొంతంగా గీకకుండా తెలిసినవారికి అప్పగించండి.

పొర గట్టిగా అంటుకుని ఉంటే వాటర్ పేపరును నీళ్లలో తడుపుతూ మెరుపు చచ్చేదాకా మాత్రమే రుద్దండి. ఎన్95 మాస్కు పెట్టుకోండి, నేల మీద పాలిథిన్ పరవండి, పిల్లల్ని ఆ రోజుకి ఇంకో ఇంట్లో ఉంచండి. ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డలు పారేయండి. తర్వాత ఆయిల్ పెయింట్ మీద పట్టు దొరికే ప్రైమర్ కొట్టాలి. నున్నటి ఆయిల్ గోడ మీద నేరుగా వేసిన ఎమల్షన్ గోటితో గీరితే రిబ్బనులా వస్తుంది.

అమెరికాలో గోడలు ఎక్కువగా డ్రైవాల్, అంటే జిప్సం బోర్డు పలకలు. అక్కడ గ్యాలన్ అంటే 3.78 లీటర్లు, ఒక కోటుకు 350 నుంచి 400 చదరపు అడుగులు వస్తుంది. కొత్త ముక్క అతికినచోట ప్రైమర్ తప్పనిసరి. లేకపోతే అతుకు మీద మెరుపు తేడాగా కనిపించి, స్పాంజి డిజైన్ కూడా దాన్ని దాచలేదు.

ప్రశ్న: వేసిన ఆరు నెలలకు ఏసీ మార్చాం. గోడకు నాలుగు బొక్కలు పడ్డాయి. గోడంతా మళ్లీ వేయాలా?
(విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అక్కర్లేదు, స్పాంజి గోడకున్న గొప్ప సుఖమే ఇది. సాదా గోడకు టచప్ చేస్తే ప్యాచ్ కనిపిస్తుంది, దీనికి చేస్తే కలిసిపోతుంది. బొక్కలో లప్పం రెండు విడతలుగా నింపి, ఆరాక 320 పేపరుతో రుద్దండి. లప్పం మీద వరకే చిన్న బ్రష్షుతో ప్రైమర్ పెట్టండి. కింది రంగును బ్రష్షుతో రాయకుండా స్పాంజి ముక్కతోనే అద్దండి, అంచు గుండ్రంగా తేలదు. ఆరాక పై రంగును బొక్క దగ్గర చిక్కగా, చుట్టూ అరచేయంత మేర పలచబడుతూ పోయేలా అద్దండి.

దీనికి పాత మిశ్రమమే ఉండాలి. మళ్లీ కలిపితే పాళ్లు ఇసుమంత మారినా తేడా తెలుస్తుంది. అందుకే పని అయిన రోజే మిగిలిన రంగులు రెండింటినీ గాజు సీసాల్లో మూతి దాకా పోసి, మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించి, షేడ్ నంబరు, కలిపిన పాళ్లు, తేదీ రాసి అంటించండి. ఆ స్పాంజిని కూడా కడిగి ఆరబెట్టి సీసాల పక్కనే పెట్టుకోండి.